అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు

నరసాపురంలో మేం బట్టలు కొనే కొట్లో, షావుకారు గారి వెనకాల గోడకి లక్ష్మీదేవి పటం, దాని పక్కన ఒక రేకు బోర్డు ఉండేవి. బోర్డు మీద ఎర్ర అక్షరాలతో మూడు ముక్కలు రాసి ఉండేవి. "ఒకే ధర. అరువు అడగవద్దు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." మొదటి రెండూ ఉత్తవే. ధర మనిషిని బట్టి మారేది. కొట్టు నడిచేదే అరువు మీద. మూడోది మాత్రం అక్షరాలా పాటించేవారు.

మాది రాజోలు దీవిలో మలికిపురం దగ్గర ఓ పల్లెటూరు. ఒకపక్క వశిష్ఠ, ఇంకోపక్క వైనతేయ, రెండూ గోదారి పాయలే, దిగువన సముద్రం. ఊళ్ళో కిరాణా కొట్టు ఉంది కాబట్టి ఉప్పుకీ పప్పుకీ కిరసనాయిలుకీ లోటు లేదు. వారం సంతలో కూరలు, చేపలు, తాళ్ళు, తట్టలు దొరికేవి. గుడ్డ ముక్క కావాలన్నా, గోడ గడియారం కావాలన్నా, ఆఖరికి మంచి తాళంకప్ప కావాలన్నా గోదారి దాటాల్సిందే. సఖినేటిపల్లి రేవు దాకా బస్సు, అక్కణ్ణించి పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, అవతల మాధవాయిపాలెంలో దిగాక నరసాపురానికి రిక్షా. పంటు మీద సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, మేకలు, పెళ్ళివారు అందరూ కలిసే ప్రయాణం. పిల్లలకి అది పండగ. అమ్మకి మాత్రం ఎక్కినప్పటి నుంచీ టెన్షనే. ఏది మర్చిపోయి వచ్చినా మళ్ళీ ఎప్పుడు దాటుతామో తెలీదు.

వరదలొస్తే పంటు ఆగిపోయేది. మన పెళ్ళిళ్ళు శ్రావణమాసంలో, గోదారి పొంగేదీ అప్పుడే. మా పిన్ని పెళ్ళికి సరిగ్గా అదే జరిగింది. చించినాడ వంతెన అప్పటికి లేదు. తాతగారు పి.గన్నవరం అక్విడక్టు (ఏటి మీది కాలవ వంతెన) దాటి, రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి వెళ్ళి, మర్నాటికి చీరలతో తిరిగొచ్చారు. ఆడవాళ్ళెవరూ వెంట లేరు. తెచ్చిన చీరలన్నీ ఆకుపచ్చవే. పెట్టుబడి చీరలకి రంగేమిటి అన్నది ఆయన వాదన. పెళ్ళి ఫోటోలు నలుపు తెలుపు కాబట్టి ఆ సంగతి ఇప్పటి పిల్లలకి తెలియదు.

దసరాకి ముందు ఏడాదికోసారి మా బట్టల ప్రయాణం ఉండేది. కొట్టు అరుగు కింద చెప్పులు విప్పి లోపలికెళ్తే తెల్ల దుప్పటి పరిచిన పరుపులు. మేం కూర్చున్నామో లేదో గుమాస్తా వీధి వైపు తిరిగి "గోలీసోడాలు పట్రా!" అని కేకేసేవాడు. కిటుకంతా ఆ సోడాలోనే ఉంది. వాళ్ళ సోడా తాగి, బీరువా నిండా ఉన్న తాన్లు విప్పించి, ఏమీ కొనకుండా లేచి రావడం మా ఇంటా వంటా లేదు. అమ్మ అడిగింది వంకాయ రంగు. గుమాస్తా ఇటుక రంగు చీర తీసి ఆవిడ ఒళ్ళో పడేసి, "ఆయ్, ఇది మీకోసమే తీసి ఉంచానండి" అనేవాడు. ఆవిడ నాన్నగారి వంక చూసేది. ఆయన పంటు వేళ అవుతోందని గడియారం వంక చూసేవారు. అంతే, చీర కుదిరినట్టే.

మగపిల్లల చొక్కాలకి ఒక తాను, ఆడపిల్లల పరికిణీలకి ఒక తాను. గుడ్డ మిగిలితే దిండు గలీబులు. మా పెద్ద తమ్ముడు చొక్కా తొడుక్కుని మంచం మీద పడుకుంటే వాడెక్కడ, దిండెక్కడ అని వెతుక్కునేవాళ్ళం.

ధర సంగతి ఇంకా చిత్రం. ప్రతి చీర కొంగుకీ ఒక చిన్న చీటీ కుట్టి ఉండేది. దాని మీద అంకెలు కాదు, షావుకారు గారికీ గుమాస్తాలకీ మాత్రమే తెలిసిన ఏవో అక్షరాలు. గుమాస్తా చీటీ చూసి, తర్వాత మనిషిని చూసి, అప్పుడు రేటు చెప్పేవాడు. నాన్నగారికి బేరమాడటం నామోషీ. అమ్మకి బేరం బ్రహ్మాండంగా వచ్చు గానీ నాన్నగారి ఎదుట నోరెత్తదు. ఈ ఇద్దరి మధ్యా షావుకారు గారు బాగుపడ్డారు. అదే కొట్లో మాకంటే చిన్న రైతులు, కూలివాళ్ళు అరుగు మీద నిలబడే కొనేవారు. వాళ్ళకి సోడాలూ లేవు, పరుపులూ లేవు. వాళ్ళు ఏం అడిగినా కింది అర నుంచే తీసి చూపించేవారు. పై అరలో చీరలెంతో అడిగితే "అవి మీకెందుకులే" అనడం నేను చెవులారా విన్నాను. ఆ వయసులో నాకది తప్పుగా అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పాత రోజుల్లో కొనడంలోనే ఆనందం ఉండేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకుంటాను. ఆ పంటు, ఆ సోడా, కొత్త గుడ్డ వాసన నాకూ ఇష్టమే. కానీ ఆ ఆనందం ఎక్కువగా పిల్లలది. డబ్బు పెట్టేవాళ్ళకి ఉన్నదల్లా మొహమాటం.

చెప్పులు కొనాలంటే పిల్లల్ని తీసుకెళ్ళేవారు కాదు. నాన్నగారు చీపురు లోంచి ఒక కొబ్బరి ఈనె లాగి, మా పాదం పక్కన పెట్టి మడమ నుంచి బొటనవేలి దాకా కొలిచి తుంచేవారు. నలుగురివీ నాలుగు పుల్లలు. ఏది ఎవరిదో తెలియడానికి ఒకదానికి దారం కట్టి, ఒకదానికి ముడేసి, జేబులో పెట్టుకుని రేవు దాటేవారు. ఈనె పొడుగు చెబుతుంది గానీ వెడల్పు చెప్పదు. పైగా ఎదిగే పిల్లలని ఒక సైజు పెద్దవే తెచ్చేవారు. కరిస్తే ఆముదం రాసుకోవాలి, వదులైతే దూది కుక్కుకోవాలి. మార్చుకు రావడమన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. రేవు దాటి వెళ్ళినా మార్చరు.

గోదారి దాటకుండా ఇంటికే వస్తువు రప్పించుకునే దారి అప్పట్లోనూ ఒకటుంది, వీపీపీ, అంటే వాల్యూ పేయబుల్ పోస్ట్. మన తపాలా శాఖలో అది 1877లోనే మొదలైంది. పత్రికలో ప్రకటన చూసి కార్డు ముక్క రాస్తే పార్సిలు వస్తుంది, పోస్ట్‌మాన్‌కి డబ్బు కట్టి తీసుకోవాలి. మా బాబాయి ఎక్కడో ఉత్తరాది కంపెనీ నుంచి ట్రాన్సిస్టర్ తెప్పించాడు. డబ్బు కట్టాకే కట్టు విప్పాలి, అది రూలు. విప్పితే బొమ్మలో ఉన్నంత అందంగానూ పెట్టె ఉంది. లోపల మాత్రం గాలి తప్ప పెద్దగా ఏమీ లేదు. ఊరంతా అరుగు మీద చేరి చూశారు. బాబాయి ఆ కంపెనీకి రాసిన ఉత్తరాలకి జవాబు రాలేదు. పోస్ట్‌మాన్ పాపం తనదే తప్పన్నట్టు కొన్నాళ్ళు మా వీధికి తల దించుకుని వచ్చేవాడు. ఆ పెట్టెలో మామ్మ చాలా ఏళ్ళు వక్కలు దాచుకుంది.

మన దేశంలో ఆన్‌లైన్ కొనుగోళ్ళు ఊపందుకున్నది కూడా ఈ వీపీపీ పద్ధతి వల్లే అని నా అభిప్రాయం. ఫ్లిప్‌కార్ట్ 2007లో పుస్తకాలతో మొదలైంది. వాళ్ళ మొట్టమొదటి పుస్తకం వెళ్ళింది మన మహబూబ్‌నగర్‌కే. అయినా 2010లో వాళ్ళు క్యాష్ ఆన్ డెలివరీ పెట్టేదాకా మా ఇళ్ళల్లో ఎవరూ నమ్మలేదు. కార్డు నెంబరు కంప్యూటర్లో కొట్టడం అంటే ఇంటి తాళం పక్కింటి వాళ్ళకి ఇచ్చినట్టే అనుకునేవారు. వస్తువు గుమ్మంలోకి వచ్చాక డబ్బివ్వచ్చు అనేసరికి ధైర్యం వచ్చింది. బాబాయి కాలానికీ ఇప్పటికీ తేడా ఒక్కటే. అప్పుడు డబ్బిచ్చాక కథ అయిపోయేది. ఇప్పుడు డబ్బిచ్చాక కూడా వెనక్కి పంపొచ్చు. ఆ ఒక్క తేడాయే అసలు తేడా.

అరువు గురించి చెప్పకపోతే షావుకారు గారికి అన్యాయం చేసినట్టవుతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమని తుడిచిపెట్టినప్పుడు మా చెట్లలో సగానికి పైగా మొదలంటా కూలిపోయాయి. కొబ్బరి మొక్క పెట్టాక కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ సంక్రాంతికి నాన్నగారు కొత్త బట్టలు వద్దన్నారు. షావుకారు గారే మనిషితో కబురు పెట్టి, "పిల్లలకి పండక్కి లేకపోతే ఎలా, డబ్బుదేముంది" అని పద్దు రాసుకుని పంపించారు. అడగలేదు కూడా చాలా రోజులు. ఏ యాప్ చేస్తుంది ఆ పని? ఇప్పటి "తర్వాత కట్టండి" వాళ్ళు గడువు దాటిన మర్నాడే ఫోను చేస్తారు.

కానీ ఆ మేలుకి రెండో వైపు కూడా ఉంది. పద్దు తీరేదాకా మేం ఇంకో కొట్టు గడప తొక్కలేకపోయాం. పక్క కొట్లో అదే జాకెట్టు గుడ్డ తక్కువకి ఇస్తున్నారని తెలిసినా ఇక్కడే కొనాలి, రేటు అడక్కూడదు, రంగు బాగాలేదనకూడదు. అడిగితే విశ్వాసం లేనట్టు. ఆ తుఫాను అప్పుని నాన్నగారు డబ్బుతో తీర్చారు. అమ్మ నోరు మూసుకుని తీర్చింది.

ఇప్పుడు అమ్మకి ఎనభై దాటాయి. ఊరు వదిలి రానంటుంది. నేను రాజమండ్రిలో, పెద్ద తమ్ముడు బెంగళూరులో. మొదట్లో మా ఊరి పిన్‌కోడ్ కొడితే "ఈ ప్రాంతానికి డెలివరీ లేదు" అని వచ్చేది. ఆవిడకి కావలసినవి నా అడ్రసుకి తెప్పించి, బస్సులో మోసుకెళ్ళేదాన్ని. తర్వాత తర్వాత మా వైపూ బండ్లు రావడం మొదలైంది. మా ఊళ్ళో ఇంటి నెంబర్లు ఎవరూ వాడరు. తమ్ముడు అడ్రసులో "రామాలయం వెనక, కాలవ వంతెన దిగగానే, పనస చెట్టున్న ఇల్లు" అని రాస్తాడు. దానికే వస్తాయి.

మోకాళ్ళు అరిగిపోయాయి కాబట్టి నడవడానికి వాకరు, బాత్రూంలోకి కమోడ్ కుర్చీ, మోకాళ్ళకి పట్టీలు, బీపీ మెషిన్. ఇవన్నీ రాజమండ్రిలో, కాకినాడలో దొరుకుతాయి. కానీ ఎంత ఎత్తు మనిషికి సరిపోతుంది, ఎంత బరువు ఆపుతుంది, రబ్బరు తొడుగులు విడిగా దొరుకుతాయా, ఇలాంటి ప్రశ్నలు కొట్లో వరసగా అడిగితే మూడో ప్రశ్నకి విసుక్కుంటారు. ఫోనులో అన్నీ రాసే ఉంటాయి. వాడినవాళ్ళు పెట్టిన ఫోటోలుంటాయి. "మా నాన్నగారు జారిపోయారు, కొనకండి" అని ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసిన ఒక్క వాక్యం మమ్మల్ని ఒక చెత్త కుర్చీ నుంచి కాపాడింది. డబ్బు తీసుకుని పొగిడేవాళ్ళూ ఉంటారు. అందుకే నేను ఐదు నక్షత్రాలవి వదిలేసి, ఒకటీ రెండూ ఇచ్చినవాళ్ళవి ముందు చదువుతాను.

తెప్పించిన మొదటి వాకరు అమ్మకి ఎత్తయింది. ఎంత దించినా భుజాలు పైకి లేస్తున్నాయి. తమ్ముడు అక్కణ్ణించే వాపస్ నొక్కాడు. అమ్మకి ఆ పూటంతా బెంగ. "విప్పేశాం కదరా, వాడేశాం కదరా, తిరిగిస్తే ఏమనుకుంటారో" అని. అట్టపెట్టె చిరగకుండా విప్పనందుకు పనమ్మాయిని కూడా కేకలేసిందట. మర్నాడో, ఆ మర్నాడో కుర్రాడు వచ్చాడు, మా పక్క ఊరివాడే. "మామ్మగారూ, వాపసు ఉందటండి" అన్నాడు, ఫోనులో ఏదో చూసుకున్నాడు, వాకరు బండికి కట్టుకుని వెళ్ళిపోయాడు. డబ్బు తమ్ముడి ఖాతాలో పడింది. సాయంత్రం నాకు ఫోన్ చేసి అమ్మ అడిగిన మొదటి మాట, "ఏమీ అనలేదే! కోపంగా కూడా లేడే!" ఒళ్ళో పడ్డ ఇటుక రంగు చీరలన్నీ ఆ మాటలో నాకు వినిపించాయి.

నన్నడిగితే వస్తువు ఇంటికి రావడం చిన్న సుఖమే. రిక్షా ఖర్చు మిగిలింది, సరే. వద్దనుకుంటే వద్దనగలగడం, ఎవరి మొహం చూసీ కొననక్కర్లేకపోవడం, పై అర కింది అర అందరికీ ఒకేలా కనిపించడం, ఇవి పెద్దవి. ఇక్కడా రేటు పొద్దున్నొకటి, సాయంత్రమొకటి ఉంటుంది. కానీ ఆ అంకె కళ్ళెదుట ఉంటుంది, పక్క యాప్‌లో ఎంతో అప్పుడే చూసుకోవచ్చు. 2018 జనవరి నుంచి ఆన్‌లైన్లో అమ్మే ప్యాకింగ్ సరుకుకి ఎమ్మార్పీ కూడా పేజీలోనే చూపించాలని నిబంధన పెట్టారు. గుర్తుల చీటీ రోజులు పోయాయి.

ఆడపిల్లల సంగతి నేను ప్రత్యేకంగా చెప్పాలి. మా రోజుల్లో మెడికల్ షాపులో మగవాళ్ళు అందరూ వెళ్ళేదాకా పక్కన నిలబడి, ప్యాడ్లు అడగలేక అడిగితే, కొట్టతను న్యూస్‌పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టి, ఏదో దొంగసరుకులా చేతిలో పెట్టేవాడు. లోపలి బట్టలు కొనాలంటే మగ గుమాస్తాకి సైజు చెప్పాలి. అది చెప్పలేక ఏళ్ళ తరబడి తప్పు సైజులే వేసుకున్న ఆడవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. మా అమ్మాయికి ఈ గొడవేమీ తెలీదు. నాతో కూడా చెప్పకుండానే తెప్పించుకుంటుంది.

ఇక కుక్కర్ గ్యాస్కెట్లు, మిక్సీ జారు కింద రబ్బర్లు, గ్రైండర్ బెల్టులు. పాత మోడల్ అయితే ఇవి దొరక్క మొత్తం సామానే మార్చిన ఇళ్ళు నాకు తెలుసు. మోడల్ నెంబరు కొడితే ఇప్పుడు వచ్చేస్తాయి.

2020లో పెద్ద యాప్‌లు తెలుగులోకి వచ్చాక అమ్మ తనే చూడటం మొదలెట్టింది. కొనదు, చూస్తుంది. ఒకరోజు నరసాపురం లేసు అల్లిక టేబుల్ కవరు కనిపించింది. మిషనరీల రోజుల నుంచీ మా వైపు ఆడవాళ్ళు కురుసు పని చేస్తున్నారు, విదేశాలకి వెళుతోంది. అమ్మ కూడా పెళ్ళయిన కొత్తలో అల్లేది. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లింది తూచి తీసుకునేవాడు. అది ఎక్కడికి వెళ్తుందో, ఎంతకి అమ్ముతారో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఫోనులో ఆ రేటు చూసి కళ్ళజోడు సరిచేసుకుని, సున్నాలు మళ్ళీ లెక్కపెట్టి, "అయితే వాడు మాకిచ్చింది కిళ్ళీ డబ్బులన్నమాట" అంది. ధర బయటపడితే కొనేవాళ్ళకే కాదు, చేసేవాళ్ళకి కూడా కళ్ళు తెరుచుకుంటాయి.

అన్నీ సవ్యంగా జరుగుతాయని చెప్పను. నాకూ ఒకసారి పగిలిన మిక్సీ జారు వచ్చింది. అమ్మినవాళ్ళు వాపసు తీసుకునేది లేదని మొండికేశారు. ఫోటోలు, బిల్లు దగ్గర పెట్టుకుని 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తర్వాత డబ్బు వచ్చింది. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల తేల్చాలి. లోపమున్న సరుకునీ, చూపించినదానికి భిన్నంగా వచ్చిన సరుకునీ అమ్మినవాడు వాపసు తీసుకోనంటే కుదరదు. కంపెనీ ఏ ఊళ్ళో ఉన్నా కేసు మన జిల్లా కమిషన్లోనే వేసుకోవచ్చు. బాబాయి ట్రాన్సిస్టర్‌కి ఈ చట్టం ఉంటే ఎంత బాగుండేదో! పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొట్లకీ వర్తిస్తుంది. పాడైన సరుకు వెనక్కి తీసుకోకపోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందకి వస్తుంది. అంటే ఆ రేకు బోర్డు చూపించి పాడైన సరుకు కూడా అంటగడితే, ఇప్పుడది చట్టం ముందు నిలవదు.

ఆ కొట్టు ఇంకా ఉంది. పరుపుల బదులు కుర్చీలు వచ్చాయి. షావుకారు గారి మనవడు చీరల ఫోటోలు వాట్సాప్‌లో పెడతాడు, రేటు అంకెల్లో రాస్తాడు, నచ్చకపోతే మార్చి ఇస్తానంటాడు. మంచి కుర్రాడే, కానీ ఇదంతా మంచితనం వల్ల మాత్రమే రాలేదు. పోటీ తెచ్చింది. జన్మలో యాప్ తెరవని మా వీధి ఆడవాళ్ళకి కూడా ఆ లాభం అందుతోంది. నేను పట్టుచీర మాత్రం ఇప్పటికీ అక్కడికెళ్ళే కొంటాను. పట్టు చేత్తో పట్టుకుని చూడాలి. వంకాయ రంగు లేకపోతే లేచి వచ్చేస్తాను, కాఫీ తాగి మరీ.

మొన్న ధనుర్మాసంలో ఊరెళ్తే అమ్మ ఫోన్ నా మొహం మీద పెట్టి, "ఇవేమిటే?" అంది. భోగి పిడకల దండ. సిటీ వాళ్ళ కోసం ముద్దుగా చిన్న చిన్న పిడకలు దారానికి గుచ్చి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మీద రేటు. కిందనే కొబ్బరి చిప్పలు కూడా ఉన్నాయి. మా దొడ్లో చిప్పలు పొయ్యిలోకి పోతాయి, పేడ అడిగినవాళ్ళకల్లా ఊరికే ఇచ్చేస్తాం. అమ్మ కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్క వేసింది. తర్వాత వీధి గుమ్మం దాకా వాకరు నెట్టుకుంటూ వెళ్ళి, గేదెల కొట్టంలో ఉన్న కుర్రాణ్ణి పిలిచి, "ఒరేయ్, రేపట్నించీ పేడ ఎవరికీ ఊరికే ఇవ్వకు. ఎవరైనా వస్తే నన్నడగమను" అని గట్టిగా చెప్పింది.